వరండా బెంచీకి చేతులు

ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ మిగల్లేదు. వీధి వీధంతా మూలమట్టం అంటుంది. రెండు చెక్కలు వంకర లేకుండా కలిశాయో లేదో చూసుకోవడానికి వడ్రంగుల దగ్గరుండే కొలత పరికరం పేరది. మనిషికి ఆ పేరు ఊరికే రాలేదు. పెళ్ళి మాట్లాడుకోవడానికి మొదటిసారి వెళ్ళిన రోజున పిల్లని చూడటం మానేసి, వాళ్ళింటి గుమ్మాన్ని చూస్తూ కూర్చుని, చివరికి "ఇది అర అంగుళం పక్కకి వాలింది" అని తేల్చిన ఘనుడు. "గుమ్మం నచ్చలేదు కాబట్టి బతికిపోయాను, నచ్చి ఉంటే దాన్నే చేసుకునేవారు" అని భార్య ఈ వయసులో కూడా దెప్పుతూనే ఉంటుంది.

తలుపులు, బల్లలు, కుర్చీలు, మంచాలు, ఆఖరికి శవపేటికలు కూడా చేశాడు. ఏ వస్తువునైనా తన ఒళ్ళు ఆనించి చూసుకోకుండా గడప దాటించడు. కుర్చీ అయితే గంటసేపు కూర్చుంటాడు, మంచమైతే అటూ ఇటూ దొర్లుతాడు. "మరి శవపేటిక సంగతేమిటి?" అని ఒకాయన ఎగతాళి చేస్తే, "అందులోనూ పడుకున్నాను. భుజాల దగ్గర ఇరుకైంది, విప్పి మళ్ళీ చేశాను" అన్నాడు. నవ్వుదామనుకున్న వాళ్ళకి నవ్వు రాలేదు.

ఆయన వెళ్ళే చర్చి మూడు వీధుల అవతల ఉంది. అందులో చెక్కతో చేసినదేదైనా ఆయన చేతిదే. యేసు కూడా వడ్రంగే కదా అని కొత్తగా చేరినవాళ్ళు ఆయనతో ముచ్చటగా అంటుంటారు. "ఆయన చేసిన బల్ల ఒక్కటీ మిగల్లేదండీ. అంటే ఆయన్ని చూసి మనం నేర్చుకోవలసింది బల్లల పని కాదన్నమాట" అని జవాబిచ్చి తన పని తాను చేసుకుంటాడు.

నలభై ఏళ్ళ కిందట అది చర్చి కాదు, రేకుల షెడ్డు. సరుకులొచ్చిన పెట్టెల చెక్కతో మొదటి బెంచీలు చేసింది మూలమట్టమే. అప్పటి పాస్టరు చిరిగిన చొక్కాకి తనే కుట్లు వేసుకునే మనిషి. బెంచీలు చేయించేటప్పుడు ఒక్కటే కోరాడు. "పొడుగ్గా చెయ్యి. వానొస్తే దారిన పోయేవాళ్ళు లోపలికొస్తారు, అలిసిపోయినవాళ్ళు నడుం వాలుస్తారు." కుర్రతనం కొద్దీ మూలమట్టం, "దేవుడి ఇల్లు కదా అయ్యగారూ, పడుకుంటే బాగుంటుందా?" అన్నాడు. "పడుకోవడానికి కాకపోతే ఇల్లని ఎందుకంటాం?" అన్నాడాయన. ఆ మాట మూలమట్టానికి ఎముకలో దిగిపోయింది. ఎన్ని ప్రసంగాలు విన్నా అంత పొట్టి ప్రసంగం ఇంకొకటి వినలేదు.

షెడ్డు పోయింది. గాజు తలుపులు, చల్లటి హాలు, మైకులు వచ్చాయి, గేటు దగ్గర కాపలా మనిషి వచ్చాడు. వీటిలో దేన్నీ మూలమట్టం తప్పుపట్టలేదు. జనం పెరిగితే గోడలు జరపాలి కదా. శనివారం వంద మందికి భోజనం పెడతారు, రోగులకి మందులిస్తారు. ఇవి గొప్పలు కావు, నిజంగా చేసే పనులు. కాకపోతే భోజనానికొచ్చినవాళ్ళు పక్క గేటులోంచి వచ్చి పక్క గేటులోంచే వెళ్ళిపోవాలని ఒక పద్ధతి ఎప్పుడో వచ్చి చేరింది. ఎవరు పెట్టారని అడిగితే ఎవరికీ తెలియదు.

ఆ చర్చి వరండాలో ఆయన చేసిన పొడుగాటి బెంచీలు రెండున్నాయి. ఒకదాని మీద ఏడాదిగా మధ్యాహ్నాలు ఒకావిడ పడుకుంటోంది. వెలుతురు తగలకుండా మొహం దగ్గర నల్లగొడుగు తెరిచి పెట్టుకుంటుంది కాబట్టి అందరూ గొడుగమ్మ అంటారు. ఆసుపత్రి బట్టలు ఉతికే చోట చాలాకాలం పనిచేసింది. అక్కడ యంత్రాలొచ్చాయి, ఆవిడ పని పోయింది. మొగుడు లేడు, పిల్లల్లేరు, ఉన్న అద్దె గది కూలగొట్టారు. పగలెందుకు పడుకుంటుందో మూలమట్టం ఒకసారి అడిగాడు.

"రాత్రిళ్ళు నడుస్తాను తమ్ముడూ. ఆడదానికి రోడ్డు మీద కదులుతున్నంతసేపే క్షేమం. కూర్చుంటే మాట వస్తుంది, పడుకుంటే మనిషే వస్తాడు" అంది. ఎవరి మీదా ఫిర్యాదులా కాదు, బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది.

ఆయన ఇంటికెళ్ళి భార్యతో చెప్పాడు. భార్య చేతిలో పని ఆపి, "అయ్యో" అంది. ఆ తర్వాత ఇద్దరూ భోజనం చేశారు.

ఇక కమిటీ సంగతి. ఆ సంఘానికి ఏడుగురు పెద్దలు, వాళ్ళలో మూలమట్టం ఒకడు. వాళ్ళకొక ఆనవాయితీ ఉంది. చేతులెత్తడం, ఓట్లు లెక్కపెట్టడం లేదు. విశ్వాసుల మధ్య గెలుపోటములేమిటని మొదటి పాస్టరు పెట్టిన పద్ధతి. చర్చించిన విషయాన్ని కార్యదర్శి ముగింపు ప్రార్థనలో పెడతాడు, అందరూ ఆమెన్ అంటే ఆ పని ఖాయం. మనసొప్పనివాళ్ళు ఆమెన్ అనకుండా ఊరుకుంటే చాలు, మళ్ళీ మొదట్నుంచీ మాట్లాడుకునేవాళ్ళు. అందమైన పద్ధతే. కానీ రానురాను ఆమెన్ అనకపోవడం అమర్యాద అయిపోయింది. ఒక మనిషి కళ్ళు మూసుకుని దేవుడితో మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడే ధైర్యం ఎవరికుంటుంది?

ఇప్పటి కార్యదర్శికి చెప్పుల దుకాణం ఉంది. అడిగిన సైజు లేకపోతే ఉన్న సైజే సరిపోయిందని కస్టమర్ చేతే అనిపించగల నేర్పరి. ఆ రోజు వానగొట్టాల గురించి, గోడల రంగు గురించి గంటన్నర మాట్లాడాడు. మూలమట్టం ఎప్పుడో మనసులోనే ఇంటికెళ్ళిపోయి, పూర్తికాని ఒక బీరువా తలుపు కొలతలు లెక్కేసుకుంటున్నాడు. చివర్న ప్రార్థనలో, "ప్రభువా, నీ మందిరపు వరండాలో బెంచీలు నీ బిడ్డలు గౌరవంగా కూర్చోవడానికి యోగ్యమైనవిగా సరిచేయబడును గాక" అని వినిపించింది. బెంచీలనే మాట చెవిన పడగానే మూలమట్టం ఈ లోకంలోకొచ్చాడు. వాటి కాళ్ళు కాస్త వదులయ్యాయి, బిగించాల్సిందే అనుకున్నాడు. గట్టిగా, అందరికన్నా ముందు, "ఆమెన్" అన్నాడు.

సోమవారం కార్యదర్శి కాగితం తెచ్చిచ్చాడు. రెండడుగులకొకటి చొప్పున బెంచీకి మధ్యలో మూడు చేతులు రావాలి.

"కూర్చునేవాళ్ళకి చివర్న రెండు చాలు కదా, మధ్యలో ఎందుకు?" అన్నాడు మూలమట్టం.

"ఆనుకోవడానికి పెద్దాయనా" అన్నాడు కార్యదర్శి. తర్వాత మూలమట్టం కళ్ళలోకి చూడలేక, "పడుకోకుండా" అన్నాడు.

మూలమట్టం పని బట్టలతోనే పాస్టరు దగ్గరికెళ్ళాడు. ఈ పాస్టరు చిన్నవాడు, మంచివాడు. కఠినుడైతే కథ తేలికయ్యేది. రోగుల మంచాల దగ్గర ఎన్నో గంటలు కూర్చునే మనిషి, అబద్ధం చెప్పడం చేతకానివాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, వచ్చిన ఫిర్యాదులన్నీ చెప్పాడు. పెళ్ళికొచ్చిన చుట్టాలు ముక్కు మూసుకున్నారు. పిల్లల్ని తెచ్చే తల్లులు భయపడుతున్నారు. ఆవిణ్ణి చూసి ఇంకో ఇద్దరు మగవాళ్ళు వచ్చి పడుకోవడం మొదలుపెట్టారు, ఒకడు తాగి ఉన్నాడు.

"రేపు ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సింది నేనే కదా. ఆవిడ కోసం ఆశ్రమాల్లో కూడా అడిగాను, ఖాళీ లేదన్నారు. సంఘాన్ని నడపాలంటే కొన్ని తప్పవు పెద్దాయనా."

"అయ్యగారూ, నాకు చదువు లేదు. ఒక్కటి అడుగుతాను. ప్రభువుకి సొంత ఇల్లు లేదు కదా? వాళ్ళింట్లో ఒక రాత్రి, వీళ్ళింట్లో ఒక రాత్రి పడుకున్నాడు. ఇవాళ నడిచి నడిచి మన వరండాకొస్తే ఆయన్ని కూడా కూర్చోబెట్టే పంపిస్తామా?"

పాస్టరు కళ్ళు రుద్దుకున్నాడు. "నాకూ నిద్ర పట్టడం లేదు" అన్నాడు. "కానీ ప్రార్థనలో అందరూ ఒప్పుకున్నారు. మీ ఆమెన్ అందరికన్నా ముందు వినిపించింది."

అక్కడ దొరికిపోయాడు మూలమట్టం. ఇచ్చిన మాటకి వంకర లేదని పేరు తెచ్చుకున్న మనిషి. పైగా ఆయన చెయ్యనంటే ఇనుప పని చేసేవాణ్ణి పిలిచి చువ్వలు వెల్డింగ్ చేయిస్తారు, పాత చెక్క కాలిపోతుంది. తన బెంచీ మీద ఇంకొకడు చెయ్యి వేయడమా? ఇదుగో, ఈ ఒక్క ఆలోచనే ఆయన్ని ఒప్పించింది. గొడుగమ్మ గురించి బాధపడుతూ వెళ్ళినవాడు బెంచీ గురించి బాధపడుతూ తిరిగొచ్చాడు. తేడా ఆయనకప్పుడు తెలియలేదు.

నాలుగు రోజులు కూర్చుని చేతులు చెక్కాడు. చిత్రిక పట్టి, అంచులు గుండ్రంగా తీసి, పట్టుకుంటే అరచేతికి సుఖంగా ఉండేటట్టు నున్నగా రుద్దాడు. శుక్రవారం మధ్యాహ్నం వాటిని సంచిలో వేసుకుని వరండాకెళ్ళాడు. గొడుగమ్మ అప్పుడే వచ్చి సంచీ దించుతోంది.

"బెంచీ బాగుచేస్తున్నావా తమ్ముడూ? ఒక పక్క కిర్రుమంటోంది, చెబుదామనుకుంటున్నాను" అని సంతోషంగా పక్కకి తప్పుకుంది. ఆయన ఒంటరిగా పాట్లు పడుతుంటే చూడలేక, "ఆగు, ఒక కొస నేను పట్టుకుంటాను" అని కూర్చుంది. పాతికేళ్ళు తడి దుప్పట్లు పిండిన చేతులు, పట్టు గట్టిది. ఆయన బర్మాతో రంధ్రాలు వేస్తుంటే చెక్క కదలకుండా అదిమి పట్టింది. మర మేకులు ఒక్కొక్కటే అందించింది. చెప్పాలి చెప్పాలి అనుకుంటూనే ఆయన మొదటి చెయ్యి బిగించాడు, రెండోది బిగించాడు, మూడోది బిగించాడు.

రెండో బెంచీకి కూడా అలాగే మూడూ బిగించేసరికి పని అయిపోయింది. అలవాటు పాడుగాను, ఏం చేస్తున్నాడో తనకే తెలియకుండా, చేసినదాని మీద ఒళ్ళు ఆనించి చూసుకోవడానికి బెంచీ మీద వాలాడు. నడుం ఒకచోట తగిలింది, భుజం ఒకచోట తగిలింది. కాళ్ళు ముడిచినా పట్టలేదు. అలా వంకరగా ఇరుక్కుని తలతిప్పేసరికి గొడుగమ్మ మొహం కనిపించింది.

ఆవిడ చూస్తోంది. చేతిలో ఇంకో మేకు ఉంది.

"పట్టదులే తమ్ముడూ" అంది నెమ్మదిగా. "నీకన్నా నేను పొట్టి. నాకే పట్టదు."

ఆయన లేచి నిలబడ్డాడు. "అక్కా..." అన్నాడు.

ఆవిడ మేకు ఆయన చేతిలో పెట్టింది. కొత్త చెయ్యి మీద ఒకసారి అరచేత్తో నిమిరింది. "నున్నగా చేశావు" అంది. వెటకారం కాదు, నిజంగానే అంది. సంచీ, గొడుగు తీసుకుని మెట్లు దిగి వెళ్ళింది. ఆవిడ తిట్టి ఉంటే ఆయన ఇంటికెళ్ళి అన్నం తినగలిగేవాడు.

మర్నాటి నుంచి గొడుగమ్మ రాలేదు. ఆదివారం వరండా శుభ్రంగా ఉంది. బెంచీ మీద కొత్త చీరల ఆడవాళ్ళు చేతులానించి కూర్చుని, "ఎంత బాగా చేశారు పెద్దాయనా" అని మెచ్చుకున్నారు. ప్రసంగం ఆయన చెవికెక్కలేదు. నలభై ఏళ్ళుగా తనకి ఎప్పుడూ రాని సందేహం మొదటిసారి వచ్చి పక్కన కూర్చుంది. ప్రభువు చెప్పిందేమిటి, ఆయన పేరు మీద మనం చేస్తున్నదేమిటి? షెడ్డుకీ ఈ హాలుకీ మధ్య ఎక్కడ దారి తప్పాం? ఒక్క రోజున ఎవరూ తప్పలేదు. పక్క గేటు ఒకరోజు, గాజు తలుపు ఒకరోజు, ప్రతిదానికీ మంచి కారణమే, ప్రతిదానికీ ఒక ఆమెన్. అందులో తన ఆమెన్ లేనిది ఒక్కటీ లేదు. అది తలుచుకుంటే ఆయనకి సిగ్గేసింది.

తర్వాతి కమిటీలో ఆయన లేచి నిలబడ్డాడు. "ఆ బెంచీల చేతులు తీసేయాలని అడుగుతున్నాను. ప్రార్థనలో పెట్టకండి. కళ్ళు తెరిచి అడగండి, కళ్ళు తెరిచే చెప్పుకుందాం."

పాస్టరు కళ్ళు తెరిచే అడిగాడు. తీసేద్దామని మూలమట్టం అన్నాడు, పాటలు నేర్పే టీచరమ్మ అంది. మిగతా అయిదుగురూ ఉండనివ్వమన్నారు. వాళ్ళు దుర్మార్గులేం కాదు, ఒకాయన కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఉండనివ్వమనే అన్నాడు.

"మీ నోట ప్రభువు మాటలే గానీ, ఆయన పద్ధతి లేదు" అన్నాడు మూలమట్టం. జీవితంలో చర్చిలో ఎవరినీ అలా అనలేదు.

చెప్పుల దుకాణం కార్యదర్శికి రోషమొచ్చింది. "అలాగే పెద్దాయనా, మేం దారి తప్పాం. మీ ఇంట్లో వెనక గది ఉంది కదా? మీ అత్తగారి శవాన్ని ఆ గదిలోంచే మోసుకొచ్చాం, నేనూ ఓ పక్క పట్టాను. రెండేళ్ళు దాటింది. అందులో ఇప్పుడు ఎవరుంటున్నారు?"

"చెక్కలు" అన్నాడు మూలమట్టం. మాటకి వంకర లేని మనిషి కదా.

"మంచం కూడా ఉండాలి. చేసింది మీరే."

"ఉంది."

"మరి ఏడాది నుంచి ఆవిడ రోడ్డు మీద నడుస్తుంటే..."

"చాలు" అన్నాడు పాస్టరు కార్యదర్శితో. కానీ అంతటితో ఆగే మాట కాదది. మూలమట్టం కూర్చుండిపోయాడు. తనకన్నా చిన్నవాడు, తను ఎన్నడూ గౌరవించనివాడు, కోపంలో అన్న మాట వంకర లేకుండా వచ్చి తగిలింది. ఆవిడ పట్ల జాలి పడ్డాడు, పాస్టరుతో వాదించాడు, ప్రభువునే సాక్ష్యానికి పిలిచాడు. గది మాత్రం ఒక్కసారీ గుర్తు రాలేదు. బెంచీ ఆవిడకి చాలుననుకున్నాడు. చర్చి చేయవలసింది చర్చి చేయాలనుకున్నాడు. చర్చి అంటే తను కాక ఇంకెవరో.

ఇంటికెళ్ళి భార్య ముందు నిలబడ్డాడు. "ఆవిణ్ణి వెనక గదిలోకి తీసుకొద్దామా?"

భార్య వెంటనే సరే అని ఉంటే బాగుండేది, కానీ అనలేదు. "జబ్బు పడితే ఎవరు చూస్తారు? మా అమ్మకి మూడేళ్ళు చేశాను, ఇంకొకరికి చేసే ఓపిక లేదు నాకు. రేపు ఆవిడ ఇక్కడే పోతే? ఎవరి తాలూకని చెబుతారు?" అని కోప్పడింది. అవి దొంగ సాకులు కావు. ఆ చేతులతో తల్లిని ఎత్తి దించిన మనిషి భయాలు. ఆవిడ గదిలోకెళ్ళి, చెక్కల మధ్య కాసేపు నిలబడి, తిరిగొచ్చింది.

"ఏడాది కిందట మీరు చెప్పినప్పుడు నాకు ఈ గదే గుర్తొచ్చింది" అంది. "మీరు అడుగుతారేమోనని భయపడ్డాను. అడగలేదు. హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్య అప్పట్నుంచీ గొంతులో ఇరుక్కునే ఉంది." కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ముందు ఆ చెక్కలు బయట పడెయ్యండి" అంది.

మూడు రోజులు వెతికాడు. బస్సులు ఆగే చోట, మార్కెట్ వెనక, ఆశ్రమాల గేట్ల దగ్గర అడిగాడు. నాలుగో రోజు మధ్యాహ్నం పెద్దాసుపత్రిలో, రోగుల తాలూకు మనుషులు వేచి ఉండే హాల్లో కనిపించింది. ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ చూపు లేదు. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. పడుకుని పద్దెనిమిది రోజులైందట.

ఆయన ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. "అక్కా, తప్పు నాదే. మా ఇంట్లో గది ఉంది. ముందే ఉంది."

ఆవిడకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. కోపం తెచ్చుకునే శక్తి కూడా ఆవిడలో లేదు. "మీ ఇంటావిడ?" అంది.

"ఆవిడే పంపింది."

రిక్షా మాట్లాడి తీసుకొచ్చాడు. భార్య గుమ్మంలో ఎదురొచ్చింది. ఇద్దరు ముసలివాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. భార్య వేణ్ణీళ్ళు తెచ్చి, ఆవిణ్ణి మంచం మీద కూర్చోబెట్టి, వాచిన పాదాలు రెండూ తన ఒళ్ళో పెట్టుకుని కడిగింది. వద్దు వద్దని గొడుగమ్మ వెనక్కి లాక్కోబోయింది గానీ, అవతలి పట్టు కూడా తక్కువది కాదు.

తుడిచాక దుప్పటి పరిచింది. గొడుగమ్మ పడుకోలేదు. మంచం అంచున కూర్చుని, ఏదో ముఖ్యమైనది తెలుసుకోకుండా వాలకూడదన్నట్టు తలుపు వైపు చూసింది.

"చర్చి దగ్గర నాలుగింటికి లేపేసేవాళ్ళమ్మా, జనం వస్తారని. ఆసుపత్రిలో గంటకోసారి లేపుతారు. ఇక్కడ ఎన్నింటికి లేవాలి?"

మూలమట్టం గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"నిద్ర చాలినప్పుడు" అంది భార్య. బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.